కొండ అడవి తగలబడితే: అపోహలు - వాస్తవాలు

కొండ మీద అడవి అంటుకున్న వీడియో బయటికి వచ్చిందంటే నాలుగు రోజులు అందరూ దాని గురించే మాట్లాడుకుంటారు. తర్వాత వాన పడుతుంది, మంట ఆరుతుంది, ఆ కొండ సంగతి మరిచిపోతారు. మా పని ఊపందుకునేది అప్పుడే. మంటలు ఆర్పే జట్లతో పనిచేసి, ఇప్పుడు కాలిన వాలుల మీద తిరుగుతూ నేల ఎంత దెబ్బతిందో, కింద ఉన్న ఊళ్లకు ఏ వైపు నుంచి ముప్పు ఉందో చూసే పని చేస్తున్నాను. ఈ పనిలో ఉన్నవాళ్లందరం పదేపదే వినే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో కొన్ని వట్టి పొరపాట్లు, కొన్ని ప్రాణం మీదికి తెచ్చేవి. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది "మంట ఆరిపోయిందిగా, ఇంకేముంది" అనే మాట. మంట ఉండేది కొన్ని రోజులే, దాని వల్ల నేలకూ నీటికీ జరిగే నష్టం మాత్రం ఏళ్ల తరబడి కొండ దిగి వస్తూనే ఉంటుంది.

అపోహ: మంట కింద నుంచి వస్తుంటే కొండ ఎక్కేస్తే తప్పించుకోవచ్చు

వద్దు, దయచేసి వద్దు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుని మిగతాది చదవకపోయినా నాకు చాలు. అగ్గిపుల్ల వెలిగించి తల కిందికి వంచి పట్టుకుంటే మంట ఎంత త్వరగా వేళ్ల దాకా పాకుతుందో మీకు తెలుసు, ఏటవాలు మీద జరిగేదీ అదే. మంట వాలు వైపు ఒరిగి, పైన ఉన్న గడ్డినీ పొదలనూ తాకకముందే వేడితో ఎండగొట్టి, అంటుకోవడానికి సిద్ధం చేసిపెడుతుంది. ఈ రంగంలో వాడే ఒక మోటు లెక్క ఉంది: వాలు 10 డిగ్రీలు పెరిగితే మంట వేగం సుమారు రెట్టింపు అవుతుంది. అంటే సమనేల మీద కన్నా 20 డిగ్రీల వాలు మీద నాలుగు రెట్లు. మనిషి సంగతి దీనికి తలకిందులు, వాలు పెరిగేకొద్దీ కాళ్లు బరువెక్కుతాయి, పొగలో ఊపిరి అందదు.

1994 జూలైలో అమెరికాలోని కొలరాడోలో స్టార్మ్ కింగ్ కొండ మీద 14 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. అందరూ శిక్షణ పొందినవాళ్లే. గాలి పెరిగి మంట లోయలోంచి పైకి లేచింది, శిఖరం వైపు పరుగెత్తుతున్న చాలామందిని దారిలోనే అందుకుంది. 2018 మార్చిలో తమిళనాడులోని కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లినవాళ్లు మంటల్లో చిక్కుకుని 20 మందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఎండుగడ్డి కొండలు చూడటానికి అమాయకంగా ఉంటాయి, ఎత్తయిన చెట్లు ఉండవు కాబట్టి పెద్ద మంట రాదనిపిస్తుంది. కానీ అన్నిటికన్నా వేగంగా పరుగెత్తేది గడ్డి మంటే.

మరి ఏం చేయాలి? మంట దారి నుంచి పక్కకు వెళ్లాలి, వీలైతే కిందికి దిగాలి. పూర్తిగా కాలిపోయి చల్లారిన నల్లనేల దగ్గర్లో ఉంటే అన్నిటికన్నా మేలు, అక్కడ మళ్లీ కాలడానికి ఏమీ మిగలదు. రెండు వాలుల మధ్య ఇరుగ్గా ఉండే వాగు దారుల్లోకి మాత్రం దిగొద్దు, వేడిగాలి అంతా వాటిలోంచే పైకి లాక్కుపోతుంది.

అపోహ: మంట పైకే పోతుంది కాబట్టి కింద ఉన్నవాళ్లకు భయం లేదు

కాలుతున్న పైన్ కాయలు, మొద్దులు దొర్లుకుంటూ ఫైర్ లైన్ (మంట దాటకుండా ఒట్టి మట్టి తేలేదాకా గీకిన గీత) దాటి కిందికి వచ్చి పడతాయి. అక్కడ ఎండుటాకులు అంటుకుంటే కొత్త మంట మళ్లీ పైకి ఎక్కడం మొదలుపెడుతుంది, ఈసారి మధ్యలో ఉన్నది పాత మంటను ఆర్పుతున్న జట్టు. అందుకే వాలు మీద ఫైర్ లైన్ తీసేటప్పుడు దొర్లివచ్చేవి ఆగేలా కింది వైపు మట్టికట్ట వేసి కాలువలాగా తవ్వుతాం.

అపోహ: రాత్రి చల్లబడితే మంట దానంతటదే తగ్గుతుంది

మైదానంలో చాలావరకు నిజం, కొండల్లో సగమే నిజం. పగలు వేడెక్కిన గాలి వాలు వెంట పైకి వీస్తుంది. రాత్రి చల్లబడ్డ గాలి బరువెక్కి కిందికి జారి లోయలో చేరుతుంది. దాంతో లోయ అడుగున చలి, శిఖరం మీదా చలి, నడుమ వాలు మాత్రం వెచ్చగా, పొడిగా ఉండిపోతుంది. ఆ పట్టీలో మంట రాత్రంతా చురుగ్గానే కాలుతుంది. తెల్లారేసరికి లోయలో పొగ కదలకుండా పేరుకుని ఉంటే చాలామంది మంట సద్దుమణిగిందనుకుంటారు. అసలు సంగతి ఏంటంటే, పైనున్న వెచ్చటి గాలి పొర ఆ పొగను కిందికి అదిమిపట్టింది. పొద్దెక్కి ఆ పొర చెదిరితే పొగ తేటపడుతుంది, గాలి ఆడుతుంది, మంట ఒక్కసారిగా రేగుతుంది. ఆకాశం తేటపడిందని ఊరివాళ్లు ఊపిరి పీల్చుకునే ఆ వేళకే మాకు టెన్షన్ మొదలవుతుంది.

అపోహ: హెలికాప్టర్లు వస్తే మంట ఆరిపోతుంది

2016లో ఉత్తరాఖండ్ అడవులు కాలినప్పుడు వాయుసేన ఎంఐ-17 హెలికాప్టర్లు నీళ్లు మోశాయి. ఆ సాయం చిన్నదేం కాదు. కానీ పైనుంచి పోసే నీళ్లు మంట వేగాన్నీ వేడినీ తగ్గిస్తాయి, కింద ఉన్నవాళ్లకు కాస్త టైమ్ ఇస్తాయి. ఆకులూ తుక్కూ వేళ్లూ గీకేసి ఒట్టి మట్టి తేలేదాకా గీత తీసి మంటను ఆపేది నేల మీద ఉన్న మనుషులే. పొగ దట్టంగా ఉన్నా, గాలి తిక్కగా వీస్తున్నా హెలికాప్టర్ ఎగరలేదు. రాత్రీ పగలూ ఆ వాలు మీద నిలబడేవాళ్లకు మంచి బూట్లు, సరైన బట్టలు, తాగునీళ్లు, మారేందుకు ఇంకో జట్టు ఉన్నాయా అని అడిగేవాళ్లు తక్కువ. ఫొటోల్లో వాళ్లు కనపడరు కదా.

అపోహ: ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటే పొగ ఏం చేయదు

పొగలో అసలు హాని చేసే సన్నటి రేణువులు గుడ్డలోంచి దర్జాగా లోపలికి పోతాయి. ఊరి మీదికి పొగ వస్తుంటే ముఖానికి బాగా అతుక్కునే ఎన్95 మాస్క్ కావాలి. పిల్లల్నీ పెద్దవాళ్లనీ ఆస్తమా ఉన్నవాళ్లనీ అక్కడి నుంచి పంపించగలిగితే ఇంకా మంచిది.

అపోహ: వాన పడితే మంట కథ ముగిసినట్టే

వాన పైమంటను ఆర్పుతుంది. నేల లోపల రాజుకుంటున్న వేళ్లనూ మొద్దులనూ ఒక జల్లు ఏమీ చేయలేదు. చెట్టు మొదలు కాలిపోయాక నిప్పు వేరు వెంట మట్టిలోకి దిగుతుంది, పొగ కూడా రాకుండా నెమ్మదిగా తింటూ పోతుంది. పైన చూస్తే చదునుగా బూడిద పరుచుకుని ఉంటుంది, అడుగు వేస్తే కాలు మోకాలి దాకా నిప్పుల గుంతలో దిగుతుంది. అందుకే కాలిన చోట నడిచేటప్పుడు ముందు కర్రతో పొడిచి చూసి అడుగు వేస్తాం. మంట అంచు వెంట చేతి తొడుగు తీసి, అరచేతి వెనక వైపును నేలకు దగ్గరగా పెట్టి వేడి తగులుతుందా అని జానెడు జానెడు చూసుకుంటూ పోతాం. ఎక్కడ వేడి తగిలితే అక్కడ తవ్వి, నీళ్లు పోసి కలిపి, మళ్లీ చేయి పెట్టి చూడాలి. విసుగు పుట్టించే పని, కానీ ఆరిందనుకున్న మంట గాలికి మళ్లీ లేచేది ఈ పని సగంలో వదిలేసినప్పుడే. అలాస్కా, కెనడా లాంటి చోట్ల పీట్ నేలల్లో (సగం కుళ్లిన మొక్కలు పొరలుగా పేరుకున్న నేలల్లో) నిప్పు మంచు కింద చలికాలమంతా రాజుకుని వసంతంలో పైకి వచ్చిన సందర్భాలు ఉన్నాయి.

ఇంకో మాట. కాలిన అడవిలో ఫొటోల కోసం తిరగొద్దు. మొదలు కాలిన చెట్లు గాలి లేకపోయినా, చప్పుడు లేకుండా పడిపోతాయి.

అపోహ: అడవిలో జంతువులన్నీ మంటల్లో మాడిపోతాయి

1988లో అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్‌లో సుమారు 36 శాతం, అంటే 7.9 లక్షల ఎకరాలకు పైగా కాలింది. వేల సంఖ్యలో ఉన్న ఎల్క్ జింకల్లో మంటల వల్ల చనిపోయినవి సుమారు 345, వాటిలోనూ ఎక్కువ పొగకు ఊపిరాడక పోయినవే. పెద్ద జంతువులు చాలావరకు తప్పుకుంటాయి, పాములు, ఎలుకలు బొరియల్లో దిగితే కొన్ని బతుకుతాయి. గూళ్లలో ఉన్న పిల్లలకు, నెమ్మదిగా కదిలే తాబేళ్లలాంటి వాటికి మాత్రం దారి ఉండదు. అసలు కష్టం ఆ తర్వాత వస్తుంది. మేత కాలిపోయాక వచ్చిన చలికాలంలో ఎల్లోస్టోన్‌లో మంటల్లో కన్నా చాలా ఎక్కువ ఎల్క్‌లు చనిపోయాయి. అంతకుముందు కరవు, పైగా ఆ ఏడు చలి కూడా గట్టిగానే ఉంది. మంటల్లో చనిపోయిన జంతువుల లెక్క ఒక్కటే చూసి నష్టం తేల్చేస్తే ఇవేవీ లెక్కలోకి రావు.

అపోహ: బూడిద ఎరువే కదా, నేలకు మంచిదే

దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, నేను రోజూ చూసేది ఇదే కాబట్టి.

బూడిదలో పొటాషియం, కాల్షియం లాంటివి ఉన్న మాట నిజమే. చదునునేల మీద, తేలికపాటి మంట తర్వాత అవి నేలకు చేరతాయి. ఏటవాలు మీద మొదటి పెద్ద వానకే ఆ బూడిద వాగులో ఉంటుంది. కాలిన చోటికి వెళ్లగానే మేం చూసేది బూడిద రంగు. నల్లగా ఉండి ఆకుల ఆనవాళ్లు మిగిలితే మంట పైపైన పోయినట్టు. తెల్లగా, పిండిలా ఉంటే కాలాల్సిందంతా కాలిపోయినట్టు. పెద్ద మొద్దు గంటల తరబడి కాలిన చోట మట్టి ఎర్రగా, కాల్చిన ఇటుక రంగుకు తిరుగుతుంది, వేళ్లూ విత్తనాలూ అక్కడ మిగలవు.

తర్వాత బూడిదను పక్కకు తోసి మట్టి మీద ఒక నీటిచుక్క వేస్తాం. మామూలు మట్టి అయితే వెంటనే పీల్చుకోవాలి. కాలిన చోట ఆ చుక్క గుండ్రంగా పూసలా నిలబడి, నిమిషం దాటినా ఇంకదు. ఒక్కోసారి పైమట్టి పీల్చుకుంటుంది, రెండు వేళ్ల లోతు గీకితే అక్కడ చుక్క నిలుస్తుంది. కారణం ఏంటంటే, ఆకుల్లోనూ చెత్తలోనూ ఉండే మైనంలాంటి పదార్థాలు వేడికి ఆవిరై మట్టిలోకి దిగి, చల్లటి పొర తగలగానే రేణువుల చుట్టూ పేరుకుంటాయి. సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఈ పొర బాగా ఏర్పడుతుంది, వేడి 300కు దగ్గరపడితే ఆ పదార్థాలే కాలిపోతాయి. అందుకే ఒకే కొండ మీద పది అడుగుల తేడాలో ఒకచోట నీరు ఇంకుతుంది, ఇంకోచోట ఇంకదు. పైన వానను ఆపే ఆకు లేదు, నేల మీద చెత్త లేదు, మట్టి నీళ్లు తాగదు. ఇక పడిన వానంతా బూడిదనూ మట్టినీ రాళ్లనూ మొద్దులనూ వెంటబెట్టుకుని కిందికి పోతుంది.

కాలిఫోర్నియాలో 2017 డిసెంబర్‌లో మొదలైన థామస్ ఫైర్ సుమారు 2.8 లక్షల ఎకరాలు కాల్చింది. 2018 జనవరి 9న తెల్లవారుజామున కొద్ది నిమిషాల పాటు కుండపోతగా వాన పడింది. మంట పూర్తిగా అదుపులోకి వచ్చిందని ఇంకా ప్రకటించనే లేదు. కొండ దిగివచ్చిన బురద, బండరాళ్లు మాంటెసీటో ఊరి మీద పడి 23 మంది చనిపోయారు. రోజంతా కురిసే ముసురు కన్నా పావుగంట దంచికొట్టే వాన ఇలాంటి చోట ఎక్కువ ప్రమాదం, హెచ్చరికలు కూడా ఆ పావుగంట తీవ్రతను బట్టే ఇస్తారు.

నీటి సంగతీ అంతే. అమెరికాలోని డెన్వర్ నగరానికి నీళ్లిచ్చే కొండల్లో 1996లో బఫెలో క్రీక్ మంట, 2002లో హేమన్ మంట వచ్చాయి. తర్వాత కొట్టుకొచ్చిన మట్టితో జలాశయాలు పూడుకుపోయి, నీటి సంస్థ 2.7 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టాల్సి వచ్చింది. మంటను చూడని మనుషులు కూడా దాని ఫలితం తాగుతారు, బిల్లూ కడతారు.

అపోహ: వెంటనే మొక్కలు నాటేస్తే సరిపోతుంది

మంచి మనసుతో చేసే పనే, కానీ ఏ చెట్టు అడవో చూడకుండా చేస్తే డబ్బూ శ్రమా వృథా. ఎల్లోస్టోన్‌లో ఎక్కువగా ఉన్న లాడ్జ్‌పోల్ పైన్ చెట్లలో చాలావాటి కాయలు జిగురుతో మూసుకుని ఉంటాయి, మంట వేడికే విచ్చుకుంటాయి. అక్కడ ఎవరూ నాటకుండానే మొలకలు లేచాయి. హేమన్ మంటలో కాలినది ఎక్కువగా పాండరోసా పైన్. దాని కాయలు అలాంటివి కావు, గింజ తల్లిచెట్టు నుంచి ఎంతో దూరం పోదు. పెద్ద పెద్ద మేర చెట్లన్నీ చచ్చిపోయిన చోట్ల ఇరవై ఏళ్లు దాటినా అడవి తిరిగి రాలేదు. హిమాలయాల్లో చీర్ పైన్ మందపాటి బెరడుతో నేలమంటలు తట్టుకుంటుంది, పక్కనున్న ఓక్ లేత మొలకలు మాత్రం ఏడాది విడిచి ఏడాది మంట వస్తే పెద్దవి కాలేవు.

మొదటి ఏడాది నా ఓటు చెట్లకన్నా ముందు నేలకే. గట్టిగా కాలిన ఏటవాలు మీద గడ్డిగింజలు చల్లితే మొదటి వానకే కొట్టుకుపోతాయి, దక్కినవి కొన్నిసార్లు స్థానిక మొక్కల్ని ఎదగనివ్వవు. కలుపు గింజలు లేని ఎండుగడ్డి పలచగా పరిస్తే మట్టి బాగా నిలుస్తుంది. ఎక్కడ మొలకలు వాటంతటవే వస్తున్నాయో ఒక సీజన్ చూసి, రాని చోట నాటాలి.

అపోహ: కొండ మళ్లీ పచ్చబడింది, ఇక భయం లేదు

నీళ్లు ఇంకని ఆ పొర చాలాచోట్ల ఒకటి రెండేళ్లలో చెదిరిపోతుంది. బురద ప్రవాహాల ముప్పు కూడా ఎక్కువగా ఆ రెండేళ్లలోనే. కానీ చచ్చిన చెట్ల వేళ్లు మట్టిని పట్టుకుని ఉండేది అవి కుళ్లేదాకే. పాత వేళ్లు కుళ్లి, కొత్త వేళ్లు ఇంకా లోతుకు దిగని కాలం మధ్యలో ఒకటి ఉంటుంది, సుమారుగా మూడో ఏడు నుంచి కొన్నేళ్ల పాటు. అప్పుడు పైన పచ్చగా గడ్డీ పొదలూ ఉన్నా, బాగా నానిన వాలు మొత్తంగా జారిపోవచ్చు.

కాలిన కొండ కింద, ముఖ్యంగా వాగు కొండ దిగి విచ్చుకునే చోట ఇల్లు ఉంటే, ఐదారేళ్ల పాటు వానాకాలం ముందు కల్వర్టులూ కాలువలూ శుభ్రం చేయించండి, పెద్ద వాన హెచ్చరిక వస్తే రాత్రి అక్కడ పడుకోకండి. వాగు నీరు ఉన్నట్టుండి తగ్గినా, చిక్కటి బురదగా మారినా, పైనుంచి రాళ్లు దొర్లుతున్న చప్పుడు వినిపించినా సామాను కోసం ఆగొద్దు. వాగు వెంట కిందికి పరుగెత్తకుండా, దానికి అడ్డంగా పక్కనున్న ఎత్తయిన నేల మీదికి వెళ్లిపోండి.