గ్యాస్ బిళ్ళ: మందుల షాపు కౌంటర్ వెనక నుంచి అపోహలు - వాస్తవాలు

పొద్దున షట్టర్ ఎత్తగానే మా షాపులో వినిపించే మొదటి మాట, "గ్యాస్ బిళ్ళల షీటు ఒకటి ఇవ్వండి". బీపీ మందుకి చీటీ వెతుక్కునేవాళ్ళు కూడా దీనికి తేరు. మందు మంచిదే, నేనూ వాడాను. ఎందుకు, ఎప్పుడు, ఎన్నాళ్ళు అన్న దగ్గరే లెక్క తప్పుతోంది.

అపోహ: ఇది గ్యాస్ తగ్గించే బిళ్ళ.

పేరే తప్పు. పాంటోప్రజోల్, ఓమెప్రజోల్, రాబిప్రజోల్ లాంటివి కడుపు గోడలో యాసిడ్ తోడే పంపుల్ని ఆపుతాయి. గుండెల్లో మంట, పులితేన్పులు, అల్సర్ ఉంటే బాగా పనిచేస్తాయి. శనగపిండి బజ్జీలు తిన్నాక వచ్చే ఉబ్బరానికి వీటితో పెద్దగా పని లేదు. ఈ పేరు వల్ల ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి వస్తే "గ్యాసేలే" అనుకుని మా దగ్గరికి రాకండి. ముందు ఈసీజీ తీయించుకోండి.

అపోహ: మంట మొదలయ్యాక వేసుకుంటే చాలు.

తిండి పడబోతుందంటేనే ఈ పంపులు పని మొదలుపెడతాయి. పనిచేస్తున్న పంపునే మందు పట్టుకోగలదు. బిళ్ళ పేగుల్లో కరిగి, రక్తంలో కలిసి అక్కడిదాకా చేరడానికి సమయం పడుతుంది కాబట్టి, టిఫిన్‌కి అరగంట నుంచి గంట ముందు పరగడుపున వేసుకోవాలి. నమలకూడదు, నూరకూడదు. పూర్తి ప్రభావం కనిపించడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అప్పటికప్పుడు మంట చల్లారాలంటే డైజీన్, జెలుసిల్ లాంటి సిరప్పే నయం.

అపోహ: యాంటీబయాటిక్‌కి తోడు గ్యాస్ బిళ్ళ ఉండాల్సిందే.

ఐదు రోజుల యాంటీబయాటిక్‌కి చాలామందికి అవసరం లేదు. ఒక్కోసారి చెడుపు కూడా. సెఫ్‌పోడాక్సిమ్ అనే యాంటీబయాటిక్, కడుపులో యాసిడ్ తగ్గితే ఒంటికి సరిగా పట్టదు. తామరకి ఇచ్చే ఇట్రాకొనజోల్ క్యాప్సూల్‌దీ అదే కథ. నెల రోజులు వాడినా తామర తగ్గలేదని వచ్చేవాళ్ళని నేను ముందు అడిగేది, "పొద్దున గ్యాస్ బిళ్ళ వేసుకుంటున్నారా?" అనే. నొప్పి మాత్రల విషయం వేరు. వయసు 65 దాటినవాళ్ళు, ఇదివరకు అల్సర్ వచ్చినవాళ్ళు, ఆస్పిరిన్ వాడేవాళ్ళు డైక్లోఫెనాక్ లాంటివి వేసుకోవాల్సి వస్తే కడుపుకి ఈ రక్షణ కావాలి.

అపోహ: మానేస్తే మంట తిరిగొచ్చింది, కాబట్టి జీవితాంతం వాడాలి.

నెలల తరబడి యాసిడ్‌ని అణిచిపెడితే, ఆపగానే కడుపు మామూలుకన్నా ఎక్కువ యాసిడ్ తయారుచేస్తుంది. 2009లో డెన్మార్క్‌లో ఏ జబ్బూ లేని 120 మందితో ఒక పరిశోధన చేశారు. 8 వారాలు ఈసోమెప్రజోల్ (ఇదీ ఈ గ్యాస్ బిళ్ళల్లో ఒకటే) వాడి ఆపినవాళ్ళలో 44 శాతం మందికి మంట, పులితేన్పుల లాంటివి వచ్చాయి. మందు లేని ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్నవాళ్ళలో 15 శాతానికే. అంటే కొందరికి మంట తెచ్చింది మందు ఆపడమే. అందుకే డాక్టరుతో మాట్లాడి డోసు తగ్గిస్తూ, రోజు విడిచి రోజు వేసుకుంటూ మానవచ్చు. అల్సర్ నుంచి రక్తం పడినవాళ్ళు, స్టెంట్ వేయించుకుని రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు మాత్రం సొంతంగా ఆపకూడదు. రక్తం పలచబడే మందుల్లో ఒకటైన క్లోపిడోగ్రెల్ వాడుతుంటే ఓమెప్రజోల్, ఈసోమెప్రజోల్ వద్దు. క్లోపిడోగ్రెల్ పని తగ్గిపోతుంది.

అపోహ: సైడ్ ఎఫెక్టులే లేవు. లేదా, వాట్సాప్‌లో తిరిగేది: కిడ్నీలు పోతాయి.

రెండూ నిజం కాదు. గుండె జబ్బున్న 17 వేల పైచిలుకు మందికి పాంటోప్రజోల్‌నో ఉత్తుత్తి బిళ్ళనో ఇచ్చి సుమారు 3 ఏళ్ళు గమనించిన పరిశోధన 2019లో వచ్చింది. స్పష్టంగా తేలిన తేడా పేగు ఇన్ఫెక్షన్లు కాస్త పెరగడమే. అయినా అరుదుగా కిడ్నీలో వాపు రావచ్చు. ఏళ్ళ తరబడి వాడితే మెగ్నీషియం, బీ12 పడిపోవచ్చు. మన దగ్గర నాకు ఎక్కువ టెన్షన్ బీ12 గురించే. షుగరుకి వాడే మెట్‌ఫార్మిన్ కూడా దాన్ని తగ్గిస్తుంది. రెండూ ఏళ్ళుగా వేసుకుంటూ, అరికాళ్ళ తిమ్మిర్లు షుగరువల్లే అనుకునే శాకాహారులు ఒక్కసారి బీ12 పరీక్ష చేయించుకోండి.

అపోహ: పేరు చివర 'డి' ఉంటే ఇంకా పవర్.

ఆ 'డి' డొంపెరిడోన్, వాంతుల మందు. కొందరిలో గుండె లయ తప్పిస్తుంది. 2014లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ దీన్ని వాంతులు, వికారానికే, మామూలుగా వారం దాటకుండా వాడమంది. మా కౌంటర్ దగ్గర మాత్రం ఏళ్ళుగా అదే షీటు అడుగుతున్నారు, చాలామంది వికారం అన్న మాటే ఎత్తకుండా.