సకినాల పొయ్యి, యూరియా ఫ్యాక్టరీ

బిడ్డలూ,

"తాతా, కెమికల్ ఇంజనీరింగ్ చదివితే రోజంతా ల్యాబులో రంగునీళ్లు కలుపుతూ కూర్చోవాలా?" అని మొన్న మన చిన్నది ఫోన్లో అడిగింది. లేదు బిడ్డా. గాజు బుడ్డిలో గ్రాముల్లో అయిన పనిని టన్నుల్లో చేయబోతే వచ్చే తిప్పలు చూసుకునేవాడే కెమికల్ ఇంజనీరు.

సంక్రాంతికి నాయనమ్మ సకినాలు కాలుస్తుంది కదా. చిన్న మూకుడు, వాయికి నాలుగైదు. అదే పెళ్లి సారెకు గంపలకొద్దీ కావాలంటే? ఒక్కసారే గుప్పిస్తే నూనె చల్లారి సకినం నూనె పీలుస్తుంది. మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. పిండి అదే, నువ్వులు, వాము అవే. మా చిన్నప్పుడు వాడకట్టు ఆడవాళ్లంతా మా వాకిట్లో చేరి చుట్టేవారు. కట్టెలు మోయడం మా పని, విరిగినవి మా కూలి. పొయ్యి ముందు మాత్రం పెద్దమ్మే. కట్టె ఎప్పుడు లాగాలో, వాయికి ఎన్ని వేయాలో ఆమె చెప్పాల్సిందే. బడికి పోలేదు గానీ, ప్లాంటు మేనేజరే అనుకోండి!

మన రామగుండం యూరియా ఫ్యాక్టరీలోనూ పొయ్యి లెక్కే. సహజవాయువు నుంచి హైడ్రోజన్, గాలి నుంచి నైట్రోజన్ తీసి, 400 డిగ్రీలు దాటిన వేడిలో, విపరీతమైన ఒత్తిడిలో, ఇనుము ఉత్ప్రేరకం (తాను ఖర్చవకుండా చర్యను వేగంగా జరిపించేది) మీదుగా పంపిస్తే అమ్మోనియా వస్తుంది. ఒక్క విడతలో కలిసేది కొంతే, మిగతాది మళ్లీ తిప్పి పంపాలి. ఆ అమ్మోనియాకు కార్బన్ డయాక్సైడ్ కలిపితే యూరియా. రోజుకు 3,850 టన్నులు తీయగల ఫ్యాక్టరీ అది. వాయిలు ఉండవు, రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటుంది. కాబట్టి ఈ ఉద్యోగంలో నైట్ షిఫ్టు తప్పదు, ముందే చెబుతున్నా.

ఇంకోటి. పాత్రను అన్నివైపులా రెండింతలు చేస్తే లోపల సరుకు 8 రెట్లవుతుంది, వేడి బయటికి పోయే గోడ 4 రెట్లే. అంటే పాత్ర పెరిగేకొద్దీ లోపల పుట్టిన వేడి బయటపడడం కష్టం. 1984లో భోపాల్‌లో పురుగుమందుల ఫ్యాక్టరీ ట్యాంకులోకి నీళ్లు చేరి పుట్టిన వేడిని ఆపలేకపోయారు, విషవాయువు ఊరి మీద పడింది. లెక్కలు, ఫిజిక్స్ శ్రద్ధగా చదవమనేది ర్యాంకు కోసమే కాదు. ర్యాంకు కూడా వస్తే కాజీపేట పక్కనే మన ఎన్ఐటీ ఉంది, 1959 నుంచి ఇంజనీర్లను తయారుచేస్తోంది.

ఇప్పుడు ఒక పని చేయండి. పొలానికి తెచ్చిన యూరియా గుప్పెడు తీసి, పారేసే గ్లాసులో నీళ్లు పోసి కలపండి. తాగేరు, జాగ్రత్త! గ్లాసు బయట చెయ్యి పెట్టి చూడండి, చల్లబడుతుంది. ఆ వేడి ఎటు పోయిందో ఆలోచించి నాకు రాయండి.

మీ తాత,
హనుమకొండ