తప్పిపోయి దొరికిన తోకచుక్క

2023 జనవరి 9న చైనాలోని పర్పుల్ మౌంటెన్ అబ్జర్వేటరీ వాళ్లు తీసిన ఫొటోల్లో ఒక మసక చుక్క కదులుతూ కనిపించింది. ఆ కబురు మైనర్ ప్లానెట్ సెంటర్‌కు చేరింది. ప్రపంచంలో ఎవరికి కొత్త గ్రహశకలమో, తోకచుక్కో కనబడినా చెప్పుకోవాల్సింది అమెరికాలోని ఈ ఆఫీసుకే. తర్వాత ఇంకెవరో ఒకరు దాన్ని మళ్లీ చూసి, ఉందని చెప్పాలి. ఎవరూ చెప్పలేదు. మూడు వారాలు ఎదురుచూసి, జనవరి 30న జాబితాలోంచి తీసేశారు. రికార్డుల ప్రకారం అది తప్పిపోయినట్టే.

ఫిబ్రవరి 22న దక్షిణాఫ్రికాలోని అట్లాస్ టెలిస్కోప్‌కు ఒక 'కొత్త' చుక్క దొరికింది. దాని దారిని లెక్కకట్టి వెనక్కి నడిపిస్తే, జనవరి 9న చైనా వాళ్లు చూసిన చోటికే చేరింది. ఇంకా వెనక్కి వెళ్తే 2022 డిసెంబరు 22న కాలిఫోర్నియాలోని పాలోమార్‌లో తీసిన ఫొటోలోనూ ఉంది. అప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, అంతే. పర్పుల్ మౌంటెన్‌ను చైనా భాషలో త్సుచిన్‌షాన్ అంటారు. రెండు పేర్లూ కలిపి ఈ తోకచుక్కను త్సుచిన్‌షాన్-అట్లాస్ అన్నారు. 2024 దసరా రోజుల్లో మనం మేడలెక్కి వెతికింది దీన్నే.

ఫొటోలో ఉండకూడని చోట ఒక మసక కనబడటంతోనే ఇలాంటి కథలు మొదలవుతాయి. మన నిజాం కాలేజీలో చదివి హార్వర్డ్ వెళ్లిన వైను బప్పు 1949లో ఫొటో ప్లేటు మీద అలాంటి మసకనే పట్టుకున్నాడు. ఆయనతోపాటు మరో ఇద్దరి పేర్లూ కలిపి ఆ తోకచుక్కకు బప్పు-బోక్-న్యూకర్క్ అని పేరు పెట్టారు. ఆయన తండ్రి హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు.

ఇంతకీ దారిని లెక్కకట్టడం ఎలా? చుక్క ఏ దిక్కున ఉందో ఫొటో చెబుతుంది, ఎంత దూరంలో ఉందో చెప్పదు. కానీ సూర్యుడి ఆకర్షణకు లోబడిన వస్తువు ఇష్టమొచ్చినట్టు తిరగలేదు. మూడు వేర్వేరు సమయాల్లో దాని స్థానం తెలిస్తే, ఆ మూడింటికీ సరిపోయే కక్ష్యను పట్టుకోవచ్చు. కక్ష్య మొత్తం ఆరు అంకెల్లో ఇమిడిపోతుంది. దాని ఆకారం ఏమిటి, సూర్యుడికి ఎంత దగ్గరకు వస్తుంది, ఏ రోజున వస్తుంది అన్నవి మూడు. ఆ కక్ష్య ఎటు వాలి, ఎటు తిరిగి ఉందో చెప్పేవి మిగతా మూడు.

మొదట్లో ఈ అంకెలు నిలకడగా ఉండవు. పొలాల మధ్య పది గజాల రైలు పట్టాలు చూపించి, ఇవి ఏ ఊరికి పోతాయో చెప్పమంటే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. ఒక్కో రాత్రి కొత్త కొలత వచ్చి చేరేకొద్దీ పట్టాలు పొడుగవుతాయి. అందుకే పాలోమార్ పాత ఫొటో అంత విలువైనది. అది రెండు నెలల పట్టాలను ఒక్కసారిగా చేతిలో పెట్టింది. ఈ తోకచుక్క 2024 సెప్టెంబరు 27న, దాదాపు బుధగ్రహమంత దగ్గరగా, సూర్యుడికి సుమారు 5.9 కోట్ల కిలోమీటర్ల దూరంలోంచి పోతుందని ఏడాదికి పైగా ముందే తెలిసిపోయింది. చెప్పిన రోజునే వచ్చింది కూడా.

'80 వేల ఏళ్లకు ఒకసారి వచ్చే తోకచుక్క' అని పేపర్లూ టీవీలూ ఊదరగొట్టాయి గానీ, నాకు ఆ మాట మీద పెద్దగా నమ్మకం లేదు. దీని కక్ష్య మూసుకున్న అండాకారానికీ, అసలు మూసుకోని వంపుకీ సరిగ్గా సరిహద్దులో ఉంది. అంత సరిహద్దులో దశాంశ స్థానంలో చిన్న తేడా వస్తే చాలు, వేల ఏళ్లు లక్షల ఏళ్లవుతాయి, లేదంటే ఇక తిరిగి రాదని తేలుతుంది.

స్థానం సంగతి ఇంత పకడ్బందీగా ఉంటే, వెలుగు సంగతి పూర్తిగా వేరు. వెలుగును మాగ్నిట్యూడ్‌లో కొలుస్తారు. అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ. 5 అంకెల తేడా అంటే 100 రెట్లు. చీకటి పల్లెలో మామూలు కంటికి 6 దాకా ఆనుతుంది. ఈ తోకచుక్క దొరికినప్పుడు సుమారు 18 దగ్గర ఉంది.

ఉత్త బండరాయి అయితే సూర్యుడి నుంచి దూరం సగమైనప్పుడు 4 రెట్లు వెలుగుతుంది. తోకచుక్కలో మంచు ఉంటుంది. ఎండ తగిలేకొద్దీ అది ఆవిరై, దుమ్మును వెంటేసుకుని ఎగజిమ్ముతుంది. కాబట్టి దూరం సగమైతే 16 రెట్లు అని మొదటి అంచనాగా వేసుకుంటారు. వచ్చిన చిక్కల్లా, ఏ తోకచుక్కలో ఏ మంచు ఎంత ఉందో, పైపొర ఎంత మందమో ముందుగా ఎవరికీ తెలియదు. కొత్తగా వచ్చేవి దూరంలో ఉన్నప్పుడే తేలిగ్గా ఆవిరయ్యే సరుకు కాస్తా వదిలేసి, తీరా దగ్గరకొచ్చాక తరచూ చతికిలబడతాయి. 1973లో కోహౌటెక్‌ను శతాబ్దపు తోకచుక్క అన్నారు. జనం చలిలో నిలబడి నిరాశపడ్డారు. 2013లో ఐసాన్ అనే తోకచుక్క సూర్యుడిని చుట్టబోయి ముక్కలైపోయింది.

త్సుచిన్‌షాన్-అట్లాస్ కూడా ఆ దారే పడుతుందని 2024 జూలైలో జ్డెనెక్ సెకనీనా అనే శాస్త్రవేత్త రాశాడు. తోకచుక్కలు విరగడం మీద ఆయన మాటకు చాలా బరువుంది. వెలుగు పెరగాల్సిన సమయంలో ఆగిపోయిందన్నది ఆయన చూపిన కారణాల్లో ఒకటి. రెండోది నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది. తోకచుక్క లెక్క చెప్పిన చోటి నుంచి కొద్దిగా పక్కకు జరుగుతోంది. దీని వెనక పాత కథ ఉంది. సూర్యుడిని 3.3 ఏళ్లకోసారి చుట్టే ఎంకే తోకచుక్క ప్రతిసారీ రెండున్నర గంటలు ముందుగా వస్తోందని 19వ శతాబ్దంలోనే గమనించారు. ఎందుకో 1950లో ఫ్రెడ్ విపిల్ అనే ఖగోళ శాస్త్రవేత్త చెప్పాడు. తోకచుక్క దుమ్ము కలిసిన మంచుగడ్డ. చిమ్మే ఆవిరి తారాజువ్వలా దాన్నే తోస్తుంది. అంటే వెలుగునిచ్చే ఆవిరే దారినీ తప్పిస్తుంది. ఆ తోపు మామూలు కంటే ఎక్కువగా ఉంటే గడ్డ చిన్నదైనా అయ్యుండాలి, చిట్లుతూనైనా ఉండాలి.

చిట్లలేదు. సెప్టెంబరు చివర్లో హైదరాబాద్, బెంగళూరుల నుంచి తెల్లవారుజామున ఫొటోలు వచ్చాయి. అక్టోబరు 9కి అది దాదాపు మనకూ సూర్యుడికీ మధ్యకొచ్చింది. ఎదురుగా వచ్చే లారీ హెడ్‌లైట్ వెలుగులో రోడ్డు మీది దుమ్ము ఎలా మెరుస్తుందో చూసే ఉంటారు. అలాగే తోకచుక్క దుమ్ము సూర్యకాంతిని ముందుకు, మన వైపు విసిరింది. శుక్రుడితో పోటీపడేంత వెలుగు! కాకపోతే సూర్యుడి పక్కనే ఉండటంతో ఆ వైభవమంతా సూర్యుడిని గమనించే సోహో ఉపగ్రహం కెమెరాకే దక్కింది. అక్టోబరు 12న, సరిగ్గా విజయదశమి నాడు, భూమికి అతి దగ్గరగా 7 కోట్ల కిలోమీటర్లలో ఉంది.

రెండు సాయంత్రాలు మబ్బులు పోగొట్టాయి. మూడోనాడు ఊరి బయట చెరువు దగ్గర ఓ మిత్రుడూ నేనూ బైనాక్యులర్స్‌తో కూర్చున్నాం. పడమట శుక్రుడికీ స్వాతి నక్షత్రానికీ మధ్య వెతికితే దొరికింది. వెలుగు అంచనా వేసే పద్ధతి సులువే. తోకచుక్క ఎంత వెడల్పుగా, ఎంత తెల్లగా ఉందో గుర్తుపెట్టుకోవాలి. తర్వాత మాగ్నిట్యూడ్ తెలిసిన నక్షత్రాన్ని, ఫోకస్ చెడగొట్టి, అంతే వెడల్పు మసకగా చేసి పోల్చాలి. పెద్ద టెలిస్కోపులున్న రోజుల్లో ఇదేం చాదస్తం అనుకోకండి. పెద్దవి చూసేది ఆకాశంలో ఇరుకైన ముక్కను. చుట్టూ పరుచుకున్న పలచటి వెలుగును మొత్తంగా పట్టేది బైనాక్యులరే. ప్రపంచం నలుమూలల ఔత్సాహికులు పంపే ఇలాంటి అంకెలను స్లొవేనియాలో ఒక డేటాబేస్‌లో పోగుచేస్తారు. ఏ తోకచుక్క ఎప్పుడు ఎంత వెలిగిందో చూపే గీతలు అక్కడ తయారవుతాయి.

మా ఇద్దరి అంకెలకూ అర మాగ్నిట్యూడ్ తేడా వచ్చింది. మరోసారి చూసి తేల్చుకుందామనుకునేలోపు అది చెరువుగట్టు మీది తాటిచెట్ల వెనక్కి దిగిపోయింది.