చింతపండు చీటీ

గుంటూరు బ్రాడీపేటలో మా అక్క కొడుకు ఎనిమిదో తరగతి. చిన్నప్పటి నుంచీ నత్తి. బడిలో నలుగురు చేరి వాడు మాట్లాడినట్టే మాట్లాడి నవ్వేవాళ్లు. ఏడాది తిరిగేసరికి వాడు ఇంట్లో కూడా తలూపడమే. కొట్టుకు పంపితే 'చింతపండు పావుకిలో' అని చీటీ రాయించుకెళ్లి కొట్టాయన చేతిలో పెట్టి నిలబడేవాడు.

"మగపిల్లాడివి, ధైర్యంగా ఉండరా" అనేవాడు మా బావ. చెబితే వచ్చేదా అది? ముప్పును పసిగట్టడంలో మెదడులోని బాదంగింజంత అమిగ్డాలాది పెద్ద పాత్ర. అది ఉలిక్కిపడితే అడ్రినలిన్, వెనకాలే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్లు ఒంట్లోకి దిగుతాయి. గుండె దడదడ, నోట్లో తడి ఉండదు. నత్తికి భయం మూలం కాదు, కానీ భయపడితే ముదురుతుంది. పిల్లలు నవ్వేది సరిగ్గా అప్పుడే.

వెలివేస్తే నిజంగానే నొప్పా? 2003లో అమెరికాలో కొందరిని స్కానర్‌లో పడుకోబెట్టి, కంప్యూటర్ బంతాటలో వాళ్లకు బంతి వేయడం మానేశారు. ఒంటి నొప్పి బాధకు స్పందించే మెదడు భాగమే అప్పుడూ చురుకైంది. ఆ భాగానికి ఇంకా బోలెడు పనులున్నాయని వాదించేవాళ్లూ ఉన్నారు, అది వేరే సంగతి.

మా అమ్మ ఇవేవీ చదవలేదు. ఒకరోజు చీటీ రాయనంది. "కళ్లజోడు కనబడట్లేదు నాన్నా, నువ్వే అడిగి పట్రా." కళ్లజోడు మెడలోనే వేలాడుతోంది. వాడు గడపలోనే నిలబడిపోయాడు. ఎదురింటి కుర్రాడు సైకిల్ తీసి "రారా, నేనూ వస్తా" అన్నాడు.

ఈ 'నేనూ వస్తా'కి రసాయన శాస్త్రంలోనూ విలువుంది. 2011లో కెనడా పరిశోధకులు అయిదు, ఆరు తరగతుల పిల్లల లాలాజలం పరీక్షించారు. చేదు సంఘటన జరిగినప్పుడు ప్రాణస్నేహితుడు పక్కనుంటే కార్టిసాల్ అంతగా పెరగలేదు.

ఆ రోజు మావాడు "చిం... చిం..." దగ్గర ఆగాడట. కొట్టాయన మాట అందించబోతే స్నేహితుడు ఆగమన్నట్టు చెయ్యెత్తాడట. మాట పూర్తయింది. చింతపండు వచ్చింది. తన సామర్థ్యం మీద నమ్మకం కలిగించడంలో సొంతంగా చేసి గెలిచిన అనుభవానిదే పైచేయి అని 1977లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా రాశాడు. మెచ్చుకోలు, ఉపదేశం దాని తర్వాతే.

బడిలో మాత్రం మా అక్క రెండుసార్లు గట్టిగా మాట్లాడాకే వెక్కిరింత తగ్గింది. దాన్ని పిల్లాడి ధైర్యానికి వదిలేయడం అన్యాయం.

నేర్చుకున్న భయం మెదడులో చెరిగిపోదు. 'ఏమీ కాలేదు' అన్న కొత్త జ్ఞాపకం దాన్ని అణచి ఉంచుతుంది, అంతే. అందుకేనేమో, మావాడి జేబులో ఇప్పటికీ చీటీ ఉంటుంది. రాసుకునేది వాడే, తీసేది తక్కువ.