పరుపుల గురించి అపోహలు - వాస్తవాలు

పాలకొల్లులో దూది ఏకి పరుపులు కుట్టడం మా వృత్తి. ఇప్పుడు ఫోమ్, కొబ్బరి పీచు పరుపులూ అమ్ముతున్నాం. కొనేవాళ్ళు ధర, గ్యారంటీ అడుగుతారు గానీ మన డెల్టాలో ముందు ఆలోచించాల్సింది చెమ్మ గురించి. చుట్టూ కాలవలు, చెరువులు. వానాకాలంలో గోడలే చెమర్చే ఇళ్ళలో పరుపుని కాపాడుకోవాలంటే కొన్ని నమ్మకాలు వదులుకోవాలి.

అపోహ: కంపెనీ ప్లాస్టిక్ కవరు తీయకపోతే పరుపు కొత్తగా ఉంటుంది.

ఆ కవరు దారిలో దుమ్ము పడకుండా వేసింది. దాని మీదే దుప్పటి పరిస్తే చెమ్మ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. పరుపు తిరగేస్తే అడుగున నల్ల మచ్చలు కనిపిస్తాయి, ముక్కవాసన వస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్ళకు ఆ బూజు చాలా చెడ్డది. కవరు మొదటి రోజే తీసేయండి. టైల్స్ మీద నేరుగా పరుపు వేయొద్దు, కింద గాలి ఆడాలి.

అపోహ: ఏ దూదైనా ఒకటే, గడ్డకడితే మళ్ళీ ఏకిస్తే సరి.

ఈ మాట వల్ల ఎన్నో మంచి పరుపులు పాడయ్యాయి. బూరుగు దూదిని వేళ్ళ మధ్య నలిపి చూడండి. పట్టులా జారిపోతుంది, పురి నిలవదు. ఆ పోగు లోపల బోలు, పైన మైనం పూత. అందుకే నీళ్ళలో తేలుతుంది, ఒకప్పుడు ఓడల్లో వాడే లైఫ్ జాకెట్లలో దాన్నే నింపేవారు. కానీ పోగు పెళుసు. మెషిన్‌లో ఏకితే పొడైపోతుంది. బూరుగు పరుపుని ఎండలో వేసి తట్టాలి, మరీ అణిగితే విప్పి చేత్తోనే విడదీయాలి. పత్తి అలా కాదు, చెమ్మ పీల్చి గడ్డకట్టినా ఏకితే విచ్చుకుంటుంది. పాత పత్తి పరుపు పారేయకండి. ఏకించి, కాస్త కొత్త దూది కలిపి, కొత్త గుడ్డలో నింపి, దూది జరగకుండా దబ్బనంతో దగ్గర దగ్గరగా కుట్లు వేయిస్తే ఇంకా చాలాకాలం వస్తుంది.

ఇక ఎండ మాట. దూదికి ఎండ మంచిదే గానీ ఫోమ్‌కీ రబ్బరుకీ చేటు. ఫోమ్ పచ్చబడి పొడి రాలుతుంది. వాటిని నీడలో గాలికి నిలబెట్టండి.

అపోహ: నడుం నొప్పికి ఎంత గట్టి పరుపైతే అంత మంచిది.

దీర్ఘకాలం నడుం నొప్పి ఉన్నవాళ్ళ మీద స్పెయిన్‌లో చేసిన పరిశీలన 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. బాగా గట్టి పరుపు కంటే మధ్యస్థంగా గట్టిగా ఉన్న పరుపే వాళ్ళకు ఎక్కువ ఉపశమనం ఇచ్చింది. షాపులో పక్కకు తిరిగి పడుకుని చూడండి. భుజం, తుంటి కొంచెం దిగాలి, నడుం వేలాడకూడదు.

అపోహ: ఆవాల దిండు పెడితే పసిబిడ్డ తల గుండ్రంగా వస్తుంది.

ఏడాది లోపు బిడ్డకు ఏ దిండూ వద్దు. గట్టిగా, చదునుగా ఉన్న పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. మెత్తటి దూదిలో ముఖం కూరుకుపోతే ఊపిరాడదు, బిడ్డ తనంతట తాను తల తిప్పుకోలేదు. తల ఒకవైపు చదునవుతోందని బెంగగా ఉంటే, మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ళెదుటే కాసేపు బోర్లా వేయండి. పురుడు దగ్గరపడిందని ఆవాల దిండు కుట్టమని అడిగేవాళ్ళకు ఇదే చెప్పి పంపుతున్నాను, కుట్టివ్వడం లేదు.