ధ్రువకాంతుల కోసం ఏ నెలలో వెళ్లాలి?

స్కాండినేవియా ఉత్తరపు కొసకు ప్రయాణం పెట్టుకునేవారు సాధారణంగా ఏ ఊళ్లో దిగాలన్న ప్రశ్నతో మొదలుపెడతారు. అంతకంటే ముందు తేల్చుకోవలసింది తేదీ. భూమి అక్షం 23.4 డిగ్రీలు వాలి ఉండటం వల్ల, ఉత్తరాన 66.5 డిగ్రీల అక్షాంశం దాటాక ఏడాదిలో కొన్నాళ్లు సూర్యుడు అస్తమించడు, మరికొన్నాళ్లు ఉదయించడు. నార్వేలోని ట్రోమ్సో నగరం 69.6 డిగ్రీల దగ్గర ఉంది. అక్కడ మే 20 ప్రాంతం నుంచి జులై 22 ప్రాంతం వరకు అర్ధరాత్రి కూడా సూర్యుడు ఆకాశంలోనే ఉంటాడు. నవంబరు చివరి వారం నుంచి జనవరి మధ్య వరకు అసలు కనిపించడు. కాబట్టి అర్ధరాత్రి సూర్యుడినీ, అరోరా అని పిలిచే, చీకట్లోనే కనిపించే ధ్రువకాంతినీ ఒకే ప్రయాణంలో చూపిస్తామని ఎవరైనా ప్యాకేజీ అమ్మజూపితే, ఆ కాగితాన్ని నిరభ్యంతరంగా పక్కన పడేయవచ్చు.

ధ్రువరాత్రి అంటే ఇరవై నాలుగు గంటల కటిక చీకటి అనుకోవడం సరికాదు. డిసెంబరు 21న ట్రోమ్సోలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దిగంతానికి సుమారు 3 డిగ్రీల దిగువన మాత్రమే ఉంటాడు. హైదరాబాదులో పొద్దుగూకిన పది నిమిషాలకు ఎంత వెలుతురు మిగిలి ఉంటుందో, అక్కడ ఆ వేళకు దాదాపు అంతే ఉంటుంది. జనవరి 15 నాటికే లెక్క ప్రకారం సూర్యుడు దిగంతం పైకి వచ్చినా, కొండలు అడ్డుపడటం వల్ల ఊళ్లోవాళ్లు జనవరి 21నే సూర్యుడు తిరిగివచ్చిన రోజుగా జరుపుకుంటారు. ఆ రోజు సూర్యుడి పేరు మీద బన్నులు తినడం అక్కడి ఆచారం.

ఇక ధ్రువకాంతి సంగతి. సూర్యుడి నుంచి ఎడతెగకుండా వీచే విద్యుదావేశ కణాల ప్రవాహం, అంటే సౌరపవనం, భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపినప్పుడు, క్షేత్రరేఖల వెంట ఎలక్ట్రాన్లు కిందికి దూసుకువచ్చి, వంద కిలోమీటర్లకు పైన పలచగా ఉన్న ఆక్సిజన్, నైట్రోజన్‌లను ఢీకొంటాయి. మనకు ఎక్కువగా కనిపించే ఆకుపచ్చ వెలుగు ఆక్సిజన్ పరమాణువులది. దీని వెనుక సూర్యుడి నుంచి వచ్చే విద్యుత్కణాలున్నాయని వాదించిన నార్వే భౌతిక శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ బిర్కెలాండ్, 1899–1900 శీతకాలంలో ఉత్తర నార్వేలోని ఆల్టా ఊరి సమీపంలో ఉన్న హాల్డే కొండ మీద పరిశీలనలు సాగించాడు. తరువాత గాలి తీసేసిన పెట్టెలో అయస్కాంత గోళాన్ని అమర్చి, దాని ధ్రువాల చుట్టూ వెలుగు వలయాలను తెప్పించి చూపించాడు.

అసలైన ధ్రువకాంతి కూడా అలాంటి వలయంలోనే పుడుతుంది. సూర్యుడు నెమ్మదిగా ఉన్న రాత్రుల్లో సైతం ఆ వలయం ఉత్తర స్కాండినేవియాకు దగ్గరలోనే ఉంటుంది. అందుకే ఫోన్ యాప్‌లో భూమి అయస్కాంత క్షేత్రంలోని అలజడిని 0 నుంచి 9 వరకు చూపించే కేపీ సూచిక 2 దగ్గరే నిలిచిపోయిందని అక్కడ ఎవరూ దిగులు పడనక్కరలేదు. భారీ సౌర తుఫాను వచ్చినా ఆకాశం చీకటిగా లేకపోతే ఏమీ కనిపించదు. 2024 మే 10 రాత్రి రెండు దశాబ్దాలలోకెల్లా పెద్ద అయస్కాంత తుఫాను వచ్చినప్పుడు లద్దాఖ్‌లోని హాన్లే నుంచి ఎర్రని కాంతిని ఫోటో తీయగలిగారు. అదే రాత్రి ట్రోమ్సోలో సూర్యుడు దిగంతానికి 3 డిగ్రీల కిందికైనా దిగలేదు!

చీకటి, ఓర్చుకోదగిన చలి, పగటిపూట తిరగడానికి తగినంత వెలుతురు, ఈ మూడూ కలిసేది సెప్టెంబరు చివర, మార్చిలో. పైగా పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుల దగ్గర భూమి, సౌరపవనం అయస్కాంత క్షేత్రాలు ఒకదానితో ఒకటి తేలికగా ముడిపడే స్థితిలో ఉండటం వల్ల అలజడి రాత్రులు కొంత ఎక్కువ. ఆ రోజుల్లో మనకు పగటి నిడివి రోజుకు సుమారు ఒక నిమిషమే మారుతుంది. ట్రోమ్సోలో దాదాపు 9 నిమిషాలు మారుతుంది, అంటే వారం తేడాతో గంట చీకటి పోతుంది లేదా వస్తుంది. నన్నడిగితే మార్చి మొదటి సగమే మేలు, ఎందుకంటే నేల మీద ఇంకా మంచు ఉంటుంది. తేదీ ఖాయం చేసే ముందు పంచాంగంలో తిథి కూడా చూసుకోవాలి: పున్నమి వెన్నెలకు మంచు మెరిసి మసక కాంతులను మింగేస్తుంది, కాబట్టి అమావాస్యకు అటూ ఇటూ వారం మంచిది.

ఇప్పుడు ఊరు. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని నీరు, దాని మీదుగా వీచే పడమటి గాలులు నార్వే తీరాన్ని ఆశ్చర్యకరంగా వెచ్చగా ఉంచుతాయి. ట్రోమ్సోలో జనవరి సగటు ఉష్ణోగ్రత మైనస్ 4 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. అయితే ఆ తేమే మబ్బుగా మారి రాత్రుల తరబడి ఆకాశాన్ని కప్పేస్తుంది. లోపలికి పోతే మబ్బు తగ్గుతుంది, చలి పెరుగుతుంది. నార్వేలోకెల్లా తక్కువ ఉష్ణోగ్రత, మైనస్ 51.4 డిగ్రీలు, 1886 జనవరి 1న కరాష్యోక్‌లో నమోదైంది. ఈ రెండింటికీ మధ్య స్వీడన్‌లోని అబిస్కో చక్కని మినహాయింపు. పడమటి కొండలు తేమనంతా పిండేశాక గాలి అక్కడికి చేరుతుంది, అందుకే ఏడాది వర్షపాతం 300 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటుంది. స్వీడన్‌లోని కిరునా గనుల ఇనుప ఖనిజాన్ని నార్వే తీరంలోని గడ్డకట్టని నార్విక్ రేవుకు చేర్చడానికి వేసిన రైలుమార్గం ఈ ఊరి మీదుగానే పోతుంది. కాబట్టి అబిస్కోలో బస చేసినవారు మబ్బు పట్టిన రోజున అటో ఇటో రైల్లో జరగవచ్చు. బసలన్నీ ముందే కట్టేసి రద్దు చేసుకునే వీలు లేకుండా చేసుకోవడం మాత్రం తగదు.

సామానులో నూలు బనీన్ల బదులు ఉన్నివి పెట్టుకోవాలి, ఎందుకంటే చెమటతో తడిసిన నూలు ఆరక ఒంటి వేడిని లాగేస్తుంది. చలిలో బ్యాటరీ లోపలి రసాయన చర్యలు మందగించి చార్జి సగంలోనే అయిపోయినట్టు కనిపిస్తుంది. అదనపు బ్యాటరీని చొక్కా లోపలి జేబులో ఉంచుకుంటే మళ్లీ పుంజుకుంటుంది. కెమెరాను తిరిగి గదిలోకి తెచ్చేటప్పుడు బయటే ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించాలి. అప్పుడు గదిలోని ఆవిరి సంచి మీద చెమ్మగా పడుతుంది, లెన్సు లోపలికి చేరదు. అది గది వేడికి వచ్చేదాకా, గంటో రెండు గంటలో, తెరవకూడదు.