నక్షత్రం చెరిపిన చోటే తెర కట్టారు

అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని న్యూ ఆర్లీన్స్‌లో ఒకప్పుడు కొన్ని ట్రామ్ బళ్ల మీద నల్ల నక్షత్రం గుర్తు ఉండేది. నల్లవాళ్లు ఎక్కాల్సినవి అవే. ఆ బండి రాకపోతే ఎండైనా వానైనా రోడ్డు పక్కన నిలబడాల్సిందే. 1867 మే నెలలో వాళ్లకు ఓపిక నశించింది. నక్షత్రం లేని బళ్లెక్కి కూర్చున్నారు. ఊరంతా టెన్షన్. కొద్ది రోజులకే కంపెనీలు దిగొచ్చాయి, ఆ పద్ధతి పోయింది. బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణ వచ్చి అప్పటికి ఏడాదిన్నర కూడా కాలేదు.

బానిసత్వం పోయినా పాత అలవాటు పోలేదు కాబట్టే జాతి వివక్ష మిగిలిందని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. ఉత్త అలవాటే అయితే దానికి చట్టాలతో పనేముంది? ఒకసారి పోయినదాన్ని మళ్లీ తెచ్చిపెట్టడానికి దాదాపు ఒక తరం పట్టింది.

మొదటి ప్రయత్నం 1865లోనే జరిగింది. దక్షిణాది రాష్ట్రమైన మిసిసిపీలో నల్లవాళ్లు ఏటా జనవరిలో తమకు పని ఉన్నట్టు రుజువు చూపాలని చట్టం చేశారు. చూపలేనివాడు దేశదిమ్మరి కింద లెక్క. జరిమానా కట్టలేకపోతే, ఎవరు కడితే ఆ ఆసామి కింద చాకిరీ చేయాలి. కేంద్రం ఊరుకోలేదు. 1867లో దక్షిణాదిని సైన్యం పాలన కిందికి తెచ్చింది. తర్వాత పౌరసత్వం, ఓటు హక్కు వచ్చాయి. 1870ల్లో న్యూ ఆర్లీన్స్‌లోని కొన్ని బడుల్లో నల్ల పిల్లలు, తెల్ల పిల్లలు కలిసి చదువుకున్నారు.

ఈ మార్పును తెల్లవాళ్లు తుపాకులతో కూల్చారు. 1873 ఈస్టర్ ఆదివారం నాడు లూసియానాలోని కోల్‌ఫాక్స్‌లో పదుల కొద్దీ నల్లవాళ్లను చంపేశారు. శిక్ష పడిన కొద్దిమందిని కూడా 1876లో సుప్రీంకోర్టు తీర్పు బయటపడేసింది. 1877లో సైన్యం పక్కకు తప్పుకుంది. హోటళ్లలో, బళ్లలో వివక్ష కూడదన్న 1875 నాటి చట్టాన్ని 1883లో సుప్రీంకోర్టే కొట్టేసింది.

ఇక అడ్డెవరు? 1890లో లూసియానా ఒక చట్టం చేసి, రైళ్లలో తెల్లవాళ్లకు, నల్లవాళ్లకు వేర్వేరు పెట్టెలు ఉండాలంది. తప్పు పెట్టెలో కూర్చుంటే 25 డాలర్ల జరిమానా, లేదా 20 రోజుల వరకు జైలు. అందులో ఒక మినహాయింపు ఉంది: వేరే జాతి పిల్లల్ని చూసుకునే ఆయాలకు ఈ చట్టం వర్తించదు. తెల్ల బిడ్డను ఒళ్లో పెట్టుకుంటే నల్లామె తెల్లవాళ్ల పెట్టెలో కూర్చోవచ్చు. సొంత బిడ్డతో కూర్చుంటే నేరం. ఈ ఒక్క నిబంధన చదివితే చాలు, తెల్లవాళ్లకు బాధ పక్కన కూర్చోవడం గురించి కాదని తెలిసిపోతుంది. నల్లవాళ్లు తమలాగే టికెట్ కొని సమానంగా కూర్చోవడమే వాళ్లు భరించలేకపోయారు.

న్యూ ఆర్లీన్స్‌లోని నల్లవాళ్లు పౌరుల కమిటీగా ఏర్పడి కోర్టుకెళ్లాలనుకున్నారు. అదనపు పెట్టెల ఖర్చు రైల్వే కంపెనీకీ ఇష్టం లేదు. 1892 జూన్ 7న హోమర్ ప్లెసీ అనే చెప్పులు కుట్టే యువకుడు మొదటి తరగతి టికెట్ కొని తెల్లవాళ్ల పెట్టె ఎక్కాడు. అతని ఎనిమిదిమంది ముత్తాతల, ముత్తవ్వల్లో ఒకరే నల్లవారు. చూడ్డానికి తెల్లవాడిలాగే ఉండేవాడు. తనెవరో చెప్పి, లేవనన్నాడు. కమిటీ ముందే కుదుర్చుకున్న డిటెక్టివ్ అరెస్టు చేశాడు.

1896 మే 18న సుప్రీంకోర్టు 7-1 తేడాతో ప్లెసీకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. వేరు చేసినంత మాత్రాన తక్కువ చేసినట్టు కాదట! ఒప్పుకోని ఒక్క జడ్జి జాన్ మార్షల్ హార్లన్, ఒకప్పుడు స్వయంగా బానిసల యజమాని. మన రాజ్యాంగానికి రంగుల తేడా తెలియదని రాశాడాయన. మరుసటి ఏడాది ప్లెసీ 25 డాలర్లు కట్టేశాడు.

తర్వాత ఓటు మీద పడ్డారు. 1898లో లూసియానా కొత్త రాజ్యాంగం చదువు లేదా ఆస్తి ఉంటేనే ఓటంది. 1867కి ముందు తండ్రికో తాతకో ఓటుంటే మాత్రం ఆ షరతు లేదు. నల్లవాళ్లలో అలాంటి తాత ఎవరికుంటాడు? 1896లో 1,30,000 దాటిన నల్ల ఓటర్లు 1904 నాటికి 1,342 మంది మిగిలారు.

1902లో న్యూ ఆర్లీన్స్ ట్రామ్‌ల వంతు వచ్చింది. ఈసారి నక్షత్రం వేయలేదు, బండి లోపలే అడ్డుతెర పెట్టారు. తర్వాతి కాలంలో సీటు వెనక గుచ్చే చెక్క పలక వచ్చింది. దాన్ని ముందుకీ వెనక్కీ జరపొచ్చు. అది వెనక్కి జరిగితే, అప్పటిదాకా కూర్చున్న నల్ల మనిషి లేచి నిలబడాలి. కోర్టు ఆదేశంతో ఆ పలకలు తీసేసింది 1958లో.